లాగ్‌లో పలకరింపు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే ఊరుకునే మనిషిని కాను, వాదనకి దిగుతాను. మెట్టుగూడలో మా అద్దె ఇంటి వెనక పాడుబడ్డ క్వార్టర్స్ ఉండేవి. అటు వెళ్లడానికి అందరూ జంకేవారు. నేను రోజూ ఆ అడ్డదారినే బస్సుకి పోయేదాన్ని. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు, ఈ ఒక్క సంగతిలో తప్ప.

అప్పట్లో సికింద్రాబాద్‌లో గల్లీకో సాఫ్ట్‌వేర్ కంపెనీ. మాది మారేడ్‌పల్లిలో ఒక డాబా మీద. ఉన్నది ఒకటే సర్వర్. చీరల షాపు, స్కూలు, మందుల ఏజెన్సీ, అందరి డేటాబేస్‌లూ అందులోనే, ఒకే ఇంట్లో వాటాల్లాగా. ఒకరు గోల చేస్తే అందరికీ నిద్ర చెడేది.

వాటిలో ఉచితంగా నడిపేది ఒకటే, రక్తదాతల డేటాబేస్. ఎవరికైనా రక్తం కావాలంటే కార్ఖానా ఏరియాలో ఉండే వాలంటీర్లు అందులో వెతికి దాతలకు ఫోన్ చేసేవారు. దాన్ని పెట్టింది మా సీనియర్ అప్పల్నాయుడు గారు. మాది బొబ్బిలి, ఆయనది ఆ పక్క ఊరే. నాకు పని నేర్పింది ఆయనే. సర్వర్ మొరాయిస్తే, వచ్చే క్వెరీలన్నీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలన్నీ, లాగ్ అనే చిట్టాలో రాయించి చూడాలి. "అందరి మాటా ఒకేపాలి ఇంటే ఏటి తెలుస్తాది అమ్మీ? ఒకలొకలదీ ఇను" అనేవారు. ఒక్కో డేటాబేస్‌కి విడిగా లాగ్ పెట్టమని.

ఆయన గుండెపోటుతో పోయారు. సర్వర్ నుంచి ఆయన లాగిన్ తీసేసింది నేనే. ఆ పూట బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఆ వేసవిలో సర్వర్‌కి నత్తనడక పట్టుకుంది. మా ఓనరు నర్సింగరావు గారికి క్లయింట్ల ఫోన్లు.

"గా రక్తందాన్ని ఉత్తగ నడిపిస్తున్నం. తక్లీఫ్ అంత గదే పెడుతున్నట్టుంది. సాయంత్రంకల్ల తీసెయ్ అమ్మా" అన్నారు.

"దానికి లాగ్ పెట్టి చూస్తాను సార్. తప్పు దానిదైతే తీసేద్దాం" అన్నాను.

పెట్టాను. మధ్యాహ్నమైనా లాగ్ ఖాళీ. ఓనరు తొంగి చూసి, "ఎవ్వరు వాడుతలేరు గదా, ఇగ ఎందుకు" అని బ్యాంకుకి వెళ్లిపోయారు. మిగతావాళ్లు భోజనానికి దిగారు. నా టిఫిన్ బాక్సు మూత కూడా తీయలేదు. డేటాబేస్ తీసేద్దామని కూర్చుంటే చెయ్యి రాలేదు. పెద్దాయన పోయాక మిగిలింది అదొక్కటే. ఇంకోసారి లాగ్ తెరిచాను.

ఒక లైన్ పడి ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో "తిన్నావా అమ్మీ" అని. కొట్టిన లాగిన్ అప్పల్నాయుడు గారిది.

లాగ్ పెట్టాక, అది పనిచేస్తోందో లేదో చూడటానికి ఆయన కొట్టే క్వెరీ అదే. దానికోసం మళ్లీ కొత్తగా కనెక్ట్ అయ్యేవారు. ఒక్క డేటాబేస్‌కి విడిగా పెట్టిన లాగ్ కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది, ముందే తెరిచి ఉన్నవాటికి పట్టదు. అప్పుడు వెలిగింది నాకు. వాలంటీర్ల కనెక్షన్లు పొద్దుటి నుంచీ తెరిచే ఉన్నాయి.

వాటిని తెంపి మళ్లీ కలిపాను. లాగ్ కదిలింది. ఓ నెగెటివ్, మెట్టుగూడ. ఏబీ పాజిటివ్, మారేడ్‌పల్లి. అన్నీ చిన్న వెతుకులాటలు, సర్వర్‌కి ఏ బరువూ లేదు. మిగతావాటికీ అలాగే పెడితే అసలు దొంగ దొరికింది. చీరల షాపు ప్రోగ్రాం పాత బిల్లులన్నీ మాటిమాటికీ మొదటి నుంచి కూడుతోంది.

ఓనరు వచ్చాక అన్నీ చూపించాను. ఆ లైన్ దగ్గర ఆగిపోయారు.

"ఇదెవరు కొట్టిన్రమ్మా?"

"తెలియదు సార్. ఆ లాగిన్ ఇప్పుడు లేదు."

ఆయనే కూర్చుని వెతికారు. నిజంగానే లేదు. మిగతావాళ్లని అడిగితే అందరూ హోటల్లో ఉన్నామన్నారు. నా వైపు చూసి, "ముందుగాల పోయి తిను" అన్నారు. తిన్నాను. అన్నం చల్లారిపోయింది, కళ్లనీళ్లు మాత్రం ఆగలేదు.

సాయంత్రం లాగ్ ఆపేసే ముందు మళ్లీ చూశాను. వాలంటీర్ల వెతుకులాటల మధ్య ఇంకో లైన్ ఉంది. "తిన్నం నాయుడు గారూ. మీది తియ్యం, ఫికర్ చేయకుండ్రి." లాగిన్ మా ఓనరుది.

ఆ రెండో లైన్ ఎవరు కొట్టారో నాకు తెలుసు. మొదటిది ఎవరు కొట్టారో ఇన్నేళ్లయినా తెలియలేదు.