అన్నమ్మక్క పేరు దగ్గరే ఆగిన లూప్

కొన్నేళ్లుగా ఒక మాట నాలో ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను గురుగ్రామ్‌లో ప్రోగ్రాములు రాస్తాను. మా చర్చికి వచ్చే తెలుగు నర్సులు పనిచేసే ఆసుపత్రికి డ్యూటీల ప్రోగ్రాము మా ఆఫీసే చేసింది. అందులో చిన్న ముక్క నాది. ఎవరైనా ఉన్నట్టుండి సెలవు పెడితే బదులు ఇంకొకరిని వెతికి పిలవాలి. పేర్ల జాబితాను పైనుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయే లూప్ రాశాను. ఖాళీగా ఉన్న మనిషి దొరకగానే బ్రేక్. అంటే ఇక చాలు, ఆగిపో అని. పని చిటికెలో అయ్యేది. ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా.

ప్రతిసారీ పైనుంచే వెతికితే ఎవరు దొరుకుతారు? పైనున్నవాళ్లే కదా! ఆ పాటి ఆలోచన నాకెందుకు రాలేదు?

ఆ నర్సుల్లో ఒకరైన యడ్ల అన్నమ్మక్క బడిలో చదివేటప్పుడు, ఇంటిపేరు ఇంగ్లిషులో వైతో మొదలవడం వల్ల హాజరుపట్టీలో ఎప్పుడూ చివరేనట. ఇక్కడి ఫారాల్లో ఇంటిపేరు వెనక్కిపోయి, ఏతో మొదలయ్యే అన్నమ్మ ముందుకొచ్చి, ఇంగ్లిషు అక్షరాల వరసలో ఆమె అందరికన్నా పైకొచ్చింది. దాంతో ఎవరికి జ్వరమొచ్చినా పిలుపు ఆమెకే. ఆదివారం ఆరాధనలో పాట మధ్యలో ఫోన్ మోగేది. పాపం, చెప్పులేసుకుని వెళ్లిపోయేది.

డ్యూటీలు చూసే ఇన్‌చార్జి లీలక్కది ఆమె ఊరే. నర్సింగు చదివినప్పటి నుంచి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఒకరోజు అన్నమ్మక్క నన్ను చర్చి గేటు దగ్గర ఆపింది.

"నిజం చెప్పు తమ్ముడూ. మీ కంప్యూటరే నన్ను పిలుస్తందా, లేకపోతే లీల ఎనకుండి నా పేరు పెట్టిస్తందా?"

నాకు అప్పటికే అనుమానంగా ఉంది. అయినా నవ్వేశాను. "కంప్యూటర్‌కి మీ మీద పగేంటక్కా? అది ఎవరి పక్షానా ఉండదు."

"అచ్ఛా. అంటే లీలే అన్నమాట."

నేను కాదనలేదు.

ఎందుకు? ఉద్యోగం పోతుందనా? పోదు. ఒక పూట చీవాట్లు, అంతే. చర్చిలో అందరికీ నేను తెలివైన సాఫ్ట్‌వేర్ తమ్ముణ్ణి. ఆ పేరు పోతుందని భయపడ్డాను. ఇంత చిన్న కారణమా అని మీరు అనుకోవచ్చు, నేనూ అనుకుంటాను, కానీ ఎంత వెతికినా ఇంతకన్నా పెద్దది దొరకడం లేదు.

మర్నాడు ఆఫీసులో చడీచప్పుడు లేకుండా సరిచేశాను. క్రితంసారి ఏ పేరు దగ్గర ఆగిందో దాని తర్వాతి పేరు నుంచి వెతికేలా. కానీ ఆలోపే అన్నమ్మక్క లీలక్కను అందరి ముందూ కడిగేసింది. ఆ వెంటనే పిలుపులు తగ్గాయి. ఇంకేం కావాలి? నిలదీశాక దారికొచ్చిందన్నారు అందరూ. నేను చేసిన మరమ్మతే లీలక్క మీద సాక్ష్యమైంది. నాకేం తెలియదని ఆమె ఎంత మొత్తుకున్నా నమ్మినవాళ్లు లేరు. మళ్లీ ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మొన్న లీలక్క రిటైరై ఊరికి వెళ్లిపోయింది. వీడ్కోలు ప్రార్థనకు అన్నమ్మక్క రాలేదు. తెలియక ఏదైనా చేసుంటే అన్నమ్మ నన్ను క్షమించాలి ప్రభువా అని లీలక్క ఏడుస్తూ ప్రార్థించింది. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.

చెప్పాల్సింది మీకు కాదని తెలుసు. ఆ ఇద్దరికీ చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. కనీసం ఒక్కచోటైనా నిజం ఉండాలని రాస్తున్నాను. లీలక్క ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను.