అత్తమ్మ ఏరికోరి కొన్న కిరాయి ఇల్లు

మా మామయ్య పరకాలలో బడిపంతులుగా రిటైరై వరంగల్‌లో మా దగ్గరికి వచ్చేశాక, చేతికి వచ్చిన డబ్బుతో ఒక ఇల్లు కొని కిరాయికి ఇవ్వాలనుకున్నారు. కొంత బ్యాంకు అప్పు తప్పదు. ఆ కిస్తీ, రిపేర్లు పోను నెలనెలా ఎంతో కొంత మిగిలే ఇల్లయితేనే కొందామని అత్తమ్మ షరతు పెట్టింది. అవి డెబ్బైల చివరి రోజులు. నేను కొత్త కోడలిని.

ముగ్గురం ఎండలో ఇళ్లు చూడటానికి తిరిగాం. ఏ ఇంట్లోకైనా అడుగుపెట్టే ముందు అత్తమ్మ పక్కింటి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగేది. నీళ్లతోపాటు కబుర్లూ వచ్చేవి. హనుమకొండలో ఒక కొత్త డాబా మామయ్యకు తెగ నచ్చింది. ఎండాకాలం వస్తే బావి ఎండిపోతుందనీ, కిరాయికి వచ్చినవాళ్లు ఏడాది నిలవరనీ పక్కింటావిడ చెప్పింది. మామయ్య ఇంకో ఇల్లు చూద్దామని రిక్షా పిలిచారు.

చివరికి స్టేషన్ వెనక ఒక పాత పెంకుటిల్లు దొరికింది. రెండు వాటాలు. ఒకదానిలో రైల్వే ఉద్యోగి కుటుంబం, రెండోదానిలో దవాఖాన నర్సు, ఆమె ముసలి తల్లి. గోడలు పెచ్చులూడాయి కానీ బావి నీళ్లు తియ్యన. మమ్మల్ని చూడగానే ఆ తల్లి ముఖం వాడిపోయింది. ఇల్లు కొన్నవాళ్లు ఖాళీ చేయిస్తారని ఆమె భయం. బయటికి రాగానే మామయ్య ఆ మాటే అన్నారు. సున్నాలు వేయిస్తే కొత్తవాళ్లు ఎక్కువ ఇస్తారట.

అత్తమ్మ రిక్షా ఎక్కకుండా నిలబడింది.

"వాళ్లు పోతే ఇంట్ల ఏమున్నది, గోడలే గద. నెల తప్పకుండ కిరాయి ఇస్తాన్నరు, వాకిలి సుబ్బరంగ పెట్టుకుంటాన్నరు. అసొంటోళ్లు మల్ల దొరుకుతరా? ఉండనియ్యుండ్రి."

ఇల్లు కొన్నారు, వాళ్లను ఉండనిచ్చారు. ఒక వానాకాలం వెనక గోడ కూలితే, రైల్వే ఆయన సెలవు పెట్టి మేస్త్రీ పక్కనే ఇటుకలందించాడు. మామయ్య పని చూడటానికని వెళ్లి, ముసలమ్మ చాయ్‌కి అలవాటుపడి, గోడ లేచాక కూడా వెళ్తూనే ఉన్నారు. కిరాయి పెంచమని అడగటానికి ఆయనకు నోరు రాలేదు. చివరికి నర్సే అడిగింది.

"బజార్ల అన్ని ధరలు పెరిగినయ్. మీరెందుకు పెంచుతలేరు సార్?"

ఎనభైలలో ఆమెకు తొర్రూరు బదిలీ అయింది. వెళ్లేముందు తనతో పనిచేసే మరో నర్సును తనే తీసుకొచ్చి ఆ వాటాలో దింపింది. ముసలమ్మను బస్సెక్కించి వచ్చాక, ఆ సాయంత్రం మామయ్య ఇంట్లో చాయ్ వద్దన్నారు. అత్తమ్మ ఆయన్ని బలవంతపెట్టలేదు.