గోడమీది కుక్క సర్టిఫికెట్

డెబ్బైల చివర్లో మేము జహనుమాలో ఉండేవాళ్లం. మా ఆల్సేషన్ కుక్క రాణిని జత కట్టించడానికి చాంద్రాయణగుట్టలో రాజేశ్వర్ అనే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. తన మగకుక్క తుంటి ఎముకలు బాగున్నాయని, డాక్టరు ఎక్స్‌రే తీసి ఇచ్చాడని ఒక ఇంగ్లీషు సర్టిఫికెట్‌ను అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాడు. తండ్రి తుంటిలో లోపముంటే పిల్లలకూ వస్తుందట. నాకు ఇంగ్లీషు రాదు. నమ్మాను.

పుట్టిన ఆరు పిల్లల్లో నాలుగు, ఏడాది తిరక్కుండానే వెనక కాళ్లు ఈడ్చసాగాయి. వెళ్లి అడిగితే పదిమందిలో నవ్వాడు.

"బడికి పోనోనివి, నీకేం సమజైతది భాయ్? సదువుకోని రాపో!"

చదువుకున్నాను. ఏడాదిపాటు నిఘంటువు ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. ఒక ఆదివారం కుక్కలతో వచ్చినవాళ్లు వాకిలి నిండా ఉన్నప్పుడు వెళ్లి, ఆ కాగితం గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. తుంటి మంచిదే. కానీ అది ఎవరిదో ఆడకుక్క సర్టిఫికెట్! ఇంగ్లీషు రాజేశ్వర్‌కూ రాదన్నమాట.

"గిదేందన్నా, మీ మొగకుక్క ఎన్నడు ఈనింది?" అని బార్కస్ నుంచి వచ్చిన ఒకాయన అడిగేసరికి వాకిలంతా గొల్లుమంది.

రాజేశ్వర్ నా చేయి పట్టుకున్నాడు. "ఇగ చాలు భాయ్, ఇజ్జత్ తియ్యకు."

"ఎన్కకున్నోళ్లకు ఇనపడలే," అని మొదటి నుంచి మళ్లీ చదివాను.

అంత పగ పనికిరాదని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఆ నాలుగు పిల్లలను రోజూ ఎత్తుకుని గడప దాటించినవాణ్ణి నేను.