సోమవారం ఒక్కపొద్దు

మా వదిన పోయిన గురువారం నెల్లూరు ఆస్పత్రిలో చనిపోయింది. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. నాకింకా ఏడుపు రాలేదు. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్లో ఆమె ఇల్లూ నా ఇల్లూ ఎదురెదురు. అన్న పోయినప్పటి నుంచి ఒక్కతే వండుకుని తినేది. నేను రాసింది నేనే చదివి వినిపిస్తే చివరిదాకా కూర్చుని విన్నది ఈ లోకంలో ఆమె ఒక్కతే. అచ్చు వేసినవాళ్లు కూడా అంత ఓపిక చూపలేదు.

చావింటికి వచ్చిన ఆడవాళ్లందరూ ఆమె భక్తిని మెచ్చుకున్నారు. నాలుగేళ్లు ఒక్క వారం తప్పకుండా శివుడికి సోమవారం ఒక్కపొద్దు ఉందట. ఆరోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆమెకు కీళ్లవాతం. పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు. డాక్టరు వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర ఇచ్చారు. ఆదివారం మాపటికి అది వేసుకుంటే సోమవారమంతా కడుపులో తిప్పేది, చేపల వాసన పడేది కాదు. చేప లేనిదే ముద్ద దిగని మా ఊళ్లో దానికొక కారణం చెప్పాలి.

"రోగమంటే దూరంగా జరుగుతారు అబ్బయ్యా. ఒక్కపొద్దంటే దణ్ణం పెడతారు. నువ్వు మాత్రం పేపరుకు రాయబాక," అంది.

వ్రతాల మీద జీవితమంతా విసుర్లు రాసినవాణ్ని. ఆ ఒక్కటీ రాయలేదు. చేపలమ్మే అతను కూడా సోమవారాల్లో ఆమె వాకిలి ముందు మోపెడ్ హారను కొట్టకుండా పోయేవాడు.

నిరుడు ఎండాకాలం మాత్రల పెట్టెలోని కాగితం తెచ్చి నా చేతికిచ్చింది.

"జుట్టు ఊడిపోతా ఉండాది. నోరంతా పూసింది. ఇందులో ఏం రాసుందో చూడు, చదువుకున్నోడివి గదా."

చదివాను. ఆమె అడిగిన రెండిటితో ఆగలేదు. కాలేయం, ఊపిరితిత్తులు, రక్తకణాలు, అన్నీ తెలుగు చేసి చెప్పాను. 'అరుదుగా' అన్న మాట ప్రతిసారీ చదవక్కర్లేదనుకున్నాను. నెలనెలా రక్తపరీక్ష చేయించేది వాటిని ముందే పట్టుకోవడానికేనని కూడా చెప్పలేదు. వినేవాళ్లు దొరికితే ఆగని జబ్బు నాది. ఆమె కాగితం తీసుకుని, ఏ మడత మీద ఆ మడత, వంకర వేళ్లతోనే పెట్టెలో పట్టేట్టు మడిచింది. ఆ పని నా చేతులకు ఎన్నడూ కుదరలేదు.

"ఇంత ఉందా దీంట్లో," అంది. అంతే.

తర్వాత కోలుకుంది. పిడికిలి బిగిసింది, బుగ్గలు నిండాయి.

"పదేళ్లు తగ్గినావు వదినా," అన్నాను.

"అంతా నీ నోటి చలవ," అంది.

బాగయ్యాక మళ్లీ డాక్టరెందుకని ఆమె అంటే, పాత చీటీ మీద మాత్రలు నేనే తెచ్చిచ్చాను. ఒక్కపొద్దు నడుస్తూనే ఉంది. కాబట్టి మాత్ర వేసుకుంటోందని నమ్మాను.

జ్వరంతో ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఏం వాడుతున్నారని అక్కడి డాక్టరమ్మ అడిగింది. మాత్ర పేరు, మోతాదు గడగడా చెప్పాను. ఆవిడ వదిన గుండ్రటి ముఖం, కమిలిన చేతులు చూసింది.

"ఇది ఆ మాత్ర చేసే పని కాదండీ. స్టెరాయిడ్, చానాళ్లుగా వాడినారు. ఒంట్లో జ్వరాన్ని తట్టుకునే శక్తి లేదు. ఎవరిచ్చినారు?"

వదిన కళ్లు మూసుకునే చెప్పింది. "పొడి. పక్కింటామె తెప్పించింది. వేర్లపొడి అన్నారు." కాసేపటికి నాతో అంది: "నువ్వు చదివినాక ఆ మాత్ర గొంతు దిగలా అబ్బయ్యా. చెబితే బాధపడతావని చెప్పలా. సోమవారం చేపలు వండితే నీకు తెలిసిపోతాది గదా."

ఆరు రోజులు ఉంది.

"ఇంగ్లీషు మందులే తినేసినాయి మహాతల్లిని," అని శవం దగ్గర గట్టిగా ఏడ్చింది పక్కింటామె. పొడి సంగతి ఎత్తలేదు. ఆమె ఎవరిచేతనైనా ఇది చదివించుకుని వినవచ్చు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి అమ్మినవాడు ఎక్కడివాడో తెలియదు, నా తిట్లు వాడికి అందవు. బోనులో వాళ్లిద్దరికంటే ముందు నిలబడాల్సినవాణ్ని నేను. బియ్యం డబ్బా వెనక నేను తెచ్చిన పెట్టెలన్నీ దొరికాయి. ఒక్కటీ విప్పలేదు.

నిన్న సోమవారం. చేపలతను వీధి మొదటినుంచీ హారను కొడుతూ వచ్చాడు. వదిన వాకిలి దగ్గర కొట్టడం ఆపి, దాటాక మళ్లీ కొట్టాడు.