పరిగెత్తేది మనది

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఎక్కువే. మన్నించండి. కాగితం మీద రాసిస్తే మనవరాలు ఫోటో తీసి ఈ రైతుల గ్రూపులో పెడుతోంది.

మా చిన్నప్పుడు... విస్సన్నపేట దగ్గర మా మామిడి తోటలో ఒక ఏడు చిన్నరసాల చెట్టుకి పిండినల్లి పురుగు పట్టింది. పిందెల తొడిమలన్నీ తెల్లగా అయిపోయాయి. నాన్న నా చేతికి తడి గోనెగుడ్డ ఇచ్చి, అందే కొమ్మ ఒకటి చూపించి తుడవమన్నాడు.

తుడిచాను... ముందు పెద్దవాటిని. ఒళ్ళంతా తెల్లటి కుచ్చులతో చరచరా పాకేవి. పారిపోతుంటే తరిమి మరీ నలిపాను. చిన్నవి తొడిమ సందుల్లోనే ఉండిపోయాయి.

మా మేనత్త వచ్చి చూసింది. "పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందట! కాపలావాళ్ళని చంపి దొంగల్ని మిగిల్చావు కదరా!"

"అన్నీ తెల్లగానే ఉన్నాయిగా అత్తా..."

పక్క కొమ్మ వంచి చూపించింది. పెద్దదొకటి గబగబా వచ్చి, కదలకుండా అతుక్కున్న చిన్నదాన్ని తినేసింది.

"పరిగెత్తేది మనది. అంటుకుని పీల్చేది దొంగది. గుర్తెట్టుకో."

ఆ ఏడు నేను తుడిచిన కొమ్మ కాయలే, మిగిలిపోయిన దొంగలు కార్చిన జిగురు పట్టి మసిబారాయి. నాన్న నా ముందే గంపలోంచి నల్లకాయలు ఏరి పక్కన పెట్టాడు. ఇంకా కళ్ళలోనే ఉంది.

ఇప్పుడు మళ్ళీ తోటకి పిండినల్లి. మా అబ్బాయి బుధవారానికి మందు కొట్టే ట్రాక్టర్ మాట్లాడాడు. నిన్న చూస్తే నాలుగు చెట్ల మీద ఆ పరిగెత్తేవి ఉన్నాయి! ఎన్నేళ్ళకో కనపడ్డాయి... మందు పడితే ముందు పోయేవి అవే. ఆ నాలుగు చెట్లకీ కొట్టొద్దన్నాను.

"నీ కళ్ళకి ఏది ఏదో ఎలా తెలుస్తోంది నాన్నా?" అని నవ్వాడు మా అబ్బాయి.

"కదిలేవి తెలుస్తాయిరా."

"సరే, ఆ నాలుగూ నీకొదిలేస్తా. కాయలు మసి పట్టాయో... వచ్చే ఏడు నేను మందు మాటెత్తితే నువ్వు నోరు మెదపకూడదు."

"మెదపను" అన్నాను.

పక్క చెట్లకి కొట్టిన మందు గాలికి వీటి మీద పడకుండా, చుట్టూ ఎన్ని వరసలు వదిలేయాలండీ? మీలో ఎవరైనా ఇలా వదిలి చూశారా? మీ ఊళ్ళో వీటిని ఏమంటారు?

అప్పట్లో ఏ కొమ్మ వంచినా కనపడేవి... ఇప్పుడు తోట మొత్తానికి నాలుగు చెట్లు. మా అత్తే ఉంటే మిమ్మల్ని అడిగేవాణ్ణి కాదు.

బుధవారం పొద్దున్నే ట్రాక్టర్ వస్తుంది. నేను ఆ చెట్ల కిందే నిలబడతాను. ఆలోపే జవాబు రాయండి.