రేకు చిల్లులోంచి దిగిన సూర్యుడు

ఈ ఉదయం బెళ్ళందూరులోని మా ఫ్లాట్‌లో, కర్టెన్‌కు పడిన చిన్న చిల్లు గుండా నేల మీద ఒక వెలుగు బిళ్ళ పడింది. రేకుల ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ బిళ్ళ గుర్తుండే ఉంటుంది. అరచేతిలో పట్టుకోవాలని ఎన్నిసార్లు చూశామో కదా.

బొమ్మనహళ్ళిలో మా ఇంటి రేకుకు మేకు చిల్లు ఒకటి ఉండేది. చిల్లు వంకరగా ఉన్నా వెలుగు మాత్రం గుండ్రంగా పడేది.

"అది చిల్లు ఆకారం కాదప్పా, సూర్యుడి బొమ్మ," అంది పదో తరగతి చదివే మా అక్క. బిళ్ళ జరిగే కొద్దీ, బట్టలు కుట్టే అమ్మ సుద్దముక్కతో అక్క ఎర్ర గచ్చు మీద గీతలు పెట్టేది. ఒకరోజు నన్ను స్టూలెక్కించి, చిల్లు నుంచి బిళ్ళ దాకా దారం లాగి, అమ్మ టేపుతో కొలిచింది. బిళ్ళ వెడల్పు అంగుళం. దారం నూట ఎనిమిది అంగుళాలు.

"అంటే సూర్యుడు కూడా తన వెడల్పుకు నూట ఎనిమిది రెట్ల దూరంలో ఉండాడు," అంది అక్క.

అక్క ఇంకా చదువుతానన్నప్పుడు నాన్న ఆ టేపు వైపే చూశాడు. "కొలతలే కదమ్మా, గార్మెంట్స్‌లోనూ ఉండాయి."

పరీక్షలు కాగానే అక్క గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరింది. మరుసటేడు అదే లెక్కను స్కూల్లో నాదని చెప్పి నేను ప్రైజు తెచ్చుకున్నాను. అక్క ఆ కప్పును కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది.

ఇందాక ఫోన్ చేసి, "కర్టెన్ చిల్లులోంచి మన సూర్యుడు మా ఇంటికొచ్చాడక్కా," అన్నాను.

"చిల్లు పడిందా? ఆదివారం తీసుకురాప్పా, కుట్టి ఇస్తా."