తప్పు నాదన్న సారు

మా అమ్మాయి ఉద్యోగం పర్మినెంటయిందండీ! నిన్న ఉదయం ఆర్డరు చేతికొచ్చింది. ఈ వయసులో నాకు గంతులేయాలనిపించింది. గంట తిరక్కముందే ఫోను. ఆమెకు పని నేర్పిన కంప్యూటరు సారు ఆసుపత్రిలో పోయారట.

నేను నగరిలో మరమగ్గం నడిపినవాణ్ణి, ఐదో తరగతి చదువు. అమ్మాయి తిరుపతిలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుంది. చేరిన కొత్తలో ఒకరోజు అక్కడ ఎవరికీ నెట్ రాలేదు. కంప్యూటర్లన్నీ ప్రాక్సీ అనే గేటు గుండానే బయటికి పోవాలట. ఆ గేటు అడ్రసు మారింది, అవేమో పాత అడ్రసుకే పోతున్నాయి. అమ్మాయి నలభై కంప్యూటర్లలోనూ ఒక్కొక్కటిగా కొత్త అడ్రసు కొట్టింది. అన్నం తిని వచ్చేసరికి అన్నీ మళ్ళీ పాతదే చూపిస్తున్నాయి. మేనేజరు ఊరుకుంటాడా? "కెలికి పాడుచేసింది ఈ పిల్లే. రేపట్నుంచి రావద్దని చెప్పండి" అన్నాడు.

సారు వచ్చారు. ఎవరి కుర్చీలోనూ కూర్చునే అలవాటు లేదాయనకు, వంగి నిలబడే చూసేవారు.

"మీ నాయన మగ్గంలో చీర మీద పువ్వు వంకరగా వస్తే యాడ దిద్దుతాడు?"

"జకార్డు అట్టలో సార్. పువ్వుకు చిల్లులు కొట్టేది ఆడే గదా, మగ్గం దాన్ని బట్టే నేస్తాది."

"మరి నువ్వు పొద్దున్నుంచీ నలభై చీరలు దిద్దినావు గదమ్మా!"

ఏడుస్తున్న పిల్ల నవ్విందట. అన్ని కంప్యూటర్లకూ సెట్టింగులు పంపే సర్వరును సారు తెరిచారు. అందులో పాత అడ్రసే ఉంది, కాసేపటికోసారి అన్నిటికీ అదే పంపుతోంది. దాన్ని మార్చాల్సింది సారే, మరిచిపోయారు. గదిలో ఉన్నది వాళ్ళిద్దరే. గుట్టుగా దిద్దేసి ఊరుకోవచ్చు. ఆయన నేరుగా మేనేజరు దగ్గరికి పోయి, "తప్పు నాది సార్. ఆ బిడ్డ రాసింది సరిగ్గానే ఉండాది, నేను మార్చకుండా మరిచిపోయింది దాన్ని చెరిపేసినాది" అన్నారు. మాట ఆయన పడ్డారు, ఉద్యోగం మా బిడ్డకు నిలిచింది.

దండం పెడదామని ఒకసారి పోయాను. "తప్పు చేసినోడికి దండం పెడతారాప్పా యాడన్నా?" అని టీ ఇప్పించారు.

ఆర్డరు సంగతి పూతలపట్టు అక్కకు చెప్పాలి, సత్యవేడు బావమరిదికి, చిత్తూరులో పెద్దల్లుడికి, వియ్యపురాలికి. ఎవరికీ చెప్పలేదు. ముందు సారు ఇంటికే పోయాం. చావింట్లో ఆ మాట ఎత్తకూడదని దారిపొడుగునా అమ్మాయికి చెప్పాను. సారు భార్యే ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది: "ఆర్డరొచ్చినాదామ్మా? మొన్నంతా అదే అడుగుతా ఉన్నారు."

అమ్మాయి తలూపింది. ఆయమ్మ చాప మీద పడుకోబెట్టిన సారు వైపు తిరిగి, ముఖం మీదికి వంగి, చెవి దగ్గర మెల్లగా అంది:

"వచ్చిందంట."